పెరటి కోళ్లు, రకూను, బోను
(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము కొందరికి వింతగా తోచవచ్చును. సాహిత్యము, సంగీతము, నాటకము చర్చించు వేదికపై కోళ్లగూటి ప్రస్తావన యేల యని అడుగవచ్చును. కాని తెలుగువారి పెరటికి కోడి క్రొత్తది కాదు. కోడికూతతో నిద్ర లేచుట, మునిమాపు వేళ కోళ్లను గంప క్రింద మూయుట, గద్ద నీడ కనబడగనే తల్లికోడి రెక్కలు విప్పి పిల్లలను పొదువుకొనుట పల్లెలో పుట్టినవారందరును చిన్ననాట చూచినవే. ఆ పల్లెల బిడ్డలు కొందరు అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయి, అచ్చట ఇండ్లు కొనుక్కొని స్థిరపడియున్నారు. వారిలో కొందరి పెరళ్లలో మరల కోళ్లు చేరినవి. కోడి యున్న చోటికి కోడిని తిను జంతువు వచ్చుట సృష్టిలో సహజము. ఆ దేశమున అట్టి జంతువులలో మిక్కిలి తెలివి గలది రకూను. దానిని బోనులో పట్టుట యెట్లు, పట్టిన పిమ్మట ఏమి చేయవలెను, అసలు పట్టవలెనా అను మూడు ప్రశ్నలే నేటి విషయము. మూడవ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమైనదని తుదకు తేలును.

రకూను ఉత్తర, మధ్య అమెరికాల జంతువు. మన అడవులలో లేదు గనుక దానికి తెలుగు పేరును లేదు. ఇంగ్లీషు పేరు కూడ ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. వర్జీనియా తీరమున నివసించిన పౌహాటన్ ఆదివాసుల మాటను 17వ శతాబ్ది ఆరంభమున అచ్చట దిగిన ఆంగ్లేయులు తమ నాలుకకు అనుకూలముగా మలచుకొనిరి. చేతులతో రుద్దునది, గీరునది అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. జీవులకు శాస్త్రీయ నామములు పెట్టిన లిన్నేయసు 1758లో దీనిని ఎలుగుబంటి జాతిలో చేర్చి, కడుగునది అను అర్థము గల లాటిన్ పేరు పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని ఎలుగుబంటి నుండి విడదీసి వేరు కుటుంబమున చేర్చిరి. ఆదివాసులు పెట్టిన పేరును, శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరును ఆ జంతువు చేతులనే చెప్పుచుండుట గమనింపదగినది.

ఆకారమున అది పిల్లికంటె పెద్దది. మామూలుగా నాలుగైదు కిలోల నుండి పది కిలోల వరకు తూగును. బూడిద రంగు బొచ్చు, తోకపై నల్లని వలయములు, కన్నుల చుట్టు నల్లని పట్టీ దాని గుర్తులు. ఆ పట్టీని చూచినవారికి నాటకములోని దొంగపాత్ర ముసుగు జ్ఞప్తికి రాక మానదు. ముందు కాళ్లకు అయిదేసి వ్రేళ్లుండును. మనుష్యునకు వలె ఎదురు తిరుగు బొటనవ్రేలు లేకున్నను, ఆ వ్రేళ్ల స్పర్శజ్ఞానము అసాధారణమైనది. నీటిలో చేయి పెట్టి, కన్నులు మరియొక వైపు ఉంచి, రాళ్ల సందున దాగిన ఎండ్రకాయను తడిమి పట్టగలదు. బోనులలో పెంచబడు రకూనులు తిండిని నీట ముంచుట చూచి, అది ఆహారమును శుభ్రపరచుకొనుచున్నదని పూర్వులు తలచిరి. అది శుభ్రతకై చేయు పని కాదనియు, తడిసిన అరచేతికి స్పర్శ తీక్ష్ణమగుననియు తరువాతి పరిశోధకులు చెప్పిరి. వెనుక పాదములను త్రిప్పగలుగుట చేత అది తల క్రిందుగా చెట్టు దిగును. ఈత తెలియును. పండ్లు, మొక్కజొన్న, కప్పలు, పురుగులు, పక్షిగ్రుడ్లు, మనుష్యులు పారవేసిన ఎంగిలి, అన్నియు దానికి ఆహారమే.

దాని తెలివిని గూర్చి 20వ శతాబ్దపు తొలి దశకముననే ప్రయోగములు జరిగినవి. డేవిస్ అను పరిశోధకుడు పదుమూడు విధములైన గొళ్లెములను అమర్చి పరీక్షింపగా, పదునొకండింటిని రకూనులు పది ప్రయత్నములైనను కాకముందే తీసినవి. ఈ విషయము కెనడాలోని టొరాంటో నగరపాలకులకు మరల అనుభవమునకు వచ్చినది. వారు 2016లో రకూను తెరువలేని చెత్తడబ్బాలను ఇంటింటికి పంచనారంభించిరి. పిదప కొన్ని రకూనులు వానిని పడద్రోసి తెరచుట నేర్చినవి. కాగితముపై చక్కగా నున్న పథకము క్షేత్రమునకు పోవునప్పటికి ఎట్లు మారునో కార్యాలయ ఉద్యోగులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

ఈ జంతువునకు ఒకప్పుడు రాజభవన ప్రవేశము కూడ లభించినది. 1926లో కృతజ్ఞతా పర్వదినపు విందుకై మిసిసిపి రాష్ట్రము నుండి అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జికి ఒక రకూనును సజీవముగ పంపిరి. కూలిడ్జి దంపతులకు దానిని తినుటకు మనసొప్పలేదు. రెబెకా యని పేరిడి శ్వేతభవనములో పెంచుకొనిరి. విందునకు వచ్చిన ప్రాణి ఇంటి బిడ్డయై తిరిగినది. అదే జంతువు మరియొకరి కోళ్లగూటికి వచ్చునప్పుడు దొంగ యగును. జంతువు మారలేదు, అది నిలిచిన చోటు మారినది.

ఇక కోళ్ల సంగతి. అమెరికా నగరములలో పెరటి కోళ్లపై ఊరికొక నియమమున్నది. కొన్ని పురపాలకములు అసలే అనుమతింపవు. కొన్ని పెట్టలను కొద్ది సంఖ్యలో అనుమతించి, కూత వలన ఇరుగుపొరుగు వారికి నిద్రాభంగ మగునని పుంజును నిషేధించును. 2020లో కోవిడ్ కాలమున ఇంటిపట్టున ఉండవలసి వచ్చినప్పుడు పెరటి కోళ్ల పెంపకము మిక్కిలి పెరిగినది. 2022లో మొదలైన బర్డ్ ఫ్లూ వలన గ్రుడ్ల ధరలు హెచ్చినప్పుడు మరికొందరికి ఆ యోచన కలిగినది. తెలుగు కుటుంబములలో కోళ్లు చేరుటకు మరియొక కారణము కూడ చెప్పవచ్చును. గ్రుడ్డు అంగడిలోని అట్టపెట్టెలో పుట్టదని పిల్లలకు చూపవలెనను కోరిక తల్లిదండ్రులకుండును. ఊరి నుండి పోయి ఆరు మాసములుండు తాతకును, అమ్మమ్మకును ప్రొద్దుపుచ్చుటకు కోళ్లకంటె మంచి తోడు లేదు. పిల్లలు ఒక్కొక్క పెట్టకు ఒక్కొక్క పేరు పెట్టుదురు. పేరు పెట్టిన పిదప అది కోడి మాత్రమే కాదు.

ఇట్టి ఇంటికి ఒకనాటి రాత్రి రకూను వచ్చును. కోడికి చీకటిలో చూపు ఆనదు. కొయ్యపై కూర్చుండి నిద్రించు కోడి రాత్రివేళ పారిపోజాలదు. రకూను సంచరించుట యంతయు ప్రధానముగా రాత్రియందే. గూటి తలుపు గొళ్లెము తేలికయైనచో దానిని తీయును. తీయలేనిచో వలకన్నుల నుండి చేయి దూర్చి, ఆనుకొని పండుకొనిన కోడి తలనో, కాలినో పట్టి లాగును. లోపలికి ప్రవేశించిన రకూను ఒక కోడితో తృప్తి పడవలెనను నియమము లేదు. ఒక్క రాత్రిలో పలు కోళ్లను చంపిన సందర్భములు కలవు. ఉదయమున గూడు తెరచువారు చాల సందర్భములలో చిన్న పిల్లలే. వారు చూచు దృశ్యము వర్ణింపదగినది కాదు. ఈ విషయమును తేలికగా నవ్వి వదలుటకు వీలులేకపోవుటకు కారణమిదియే.

అట్టి ఉదయమున ఇంటిలో జరుగు సంభాషణ ఎట్లుండునో ఊహించుట కష్టము కాదు. ఊరి నుండి వచ్చిన పెద్దాయన, "ఇంకా చూస్తూ కూర్చుంటారేమిట్రా? ఇవాళే బోను పెట్టండి. ఒక్కటి పడితే మిగతావి ఈ ఛాయలకు రావు" అనును. కొడుకు, "అది కాదు నాన్నగారూ, ఇక్కడ పట్టిన తర్వాత దాన్ని ఎక్కడ వదలాలన్నా చట్టం ఉంది" అనును. కోడలు, "ముందు పిల్లల్ని ఆ గూటి దగ్గరికి పోనివ్వకండి మామయ్యగారూ" అని హెచ్చరించును. ముగ్గురి మాటలలోను సత్యమున్నది. కోపము సహజము, చట్టము వాస్తవము, ఆరోగ్యము ముఖ్యము. ఈ మూడింటిని వరుసగా పరిశీలింపవలసియున్నది.

మొదట దోషి యెవరో నిర్ణయింపవలెను. కోడి చచ్చినంత మాత్రమున రకూనుపై నేరము మోపుట న్యాయము కాదు. పగటివేళ పోయినచో డేగపైనను, విప్పి వదలిన కుక్కపైనను అనుమానము కలుగవలెను. కోడి కళేబరము కూడ మిగులక, కొద్ది ఈకలు మాత్రమే కనబడినచో నక్క ఎత్తుకొని పోయియుండవచ్చును. ఇరుకు సందులో దూరి మెడ వెనుక కొరికి వరుసగా చంపుట వీజిల్ అను సన్నని జంతువు పద్ధతి. తల తెగి, మేత సంచియు రొమ్మును తినబడి, కళేబరము గూటిలోనో దగ్గరనో పడియున్నచో రకూను పని యగుటకు అవకాశమెక్కువ. తడినేలపై చిన్నబిడ్డ అరచేతిని పోలిన అడుగుజాడలు కనబడినచో అనుమానము తీరును. రాత్రి చీకటిలో బొమ్మలు తీయు చిన్న కెమెరాలు నేడు సులభముగ దొరకును గనుక సాక్ష్యము సేకరించుట కష్టము కాదు.

దోషి రకూనే యని తేలినచో బోను మాట వచ్చును. ప్రాణముతో పట్టు బోను ఇనుప తీగలతో చేసిన పొడవైన పెట్టె. రకూనుకు సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 25 నుండి 30 సెంటీమీటర్ల వెడల్పును ఎత్తును గలది వాడుదురు. లోపల ఒక త్రొక్కుడు పలక యుండును. దానిపై కాలు పడగానే వెనుక తలుపు పడును. చేప, మాంసము ఎరగా పెట్టినచో పొరుగింటి పిల్లి పడును. అందుచే అనుభవజ్ఞులు తీపి మిఠాయినో, పండునో పెట్టుదురు. ఎరను పలకకు ఆవల, చేయి దూర్చి బయటినుండి తీయ వీలులేని చోట ఉంచవలెను. లేనిచో రకూను బోనులోనికి పోకయే భోజనము ముగించును. బోను కదలకుండ నేలకు బిగింపవలెను. పట్టుబడిన జంతువు చేతికందిన దేనినైనను లోపలికి లాగి చించును గనుక గోడలకు, గుడ్డలకు దూరముగ నుంచవలెను. ఎండలోను, వానలోను వదలరాదు. ప్రతి ఉదయము తప్పక చూడవలెను. ఎర పెట్టి ఊరికి పోవుట క్రూరత్వము మాత్రమే కాదు, పలు రాష్ట్రములలో చట్టవిరుద్ధము కూడ.

ఇంతవరకు పని సులభము. కష్టము బోను తలుపు పడిన తరువాత మొదలగును. పట్టిన రకూనును ఏమి చేయవలెను? మూడు మార్గములు కలవు: దూరమున విడుచుట, చంపుట, అచ్చటనే విడుచుట.

దూరపు అడవిలో విడుచుట దయగల పనిగ కనబడును. చాలమంది మనసున మొదట తోచు మార్గమిదియే. కాని కాలిఫోర్నియా, మసాచుసెట్స్ వంటి రాష్ట్రములలో పట్టిన అడవి జంతువును గృహస్థుడు తన ఇష్టము చొప్పున మరియొక చోటికి తరలించుట చట్టవిరుద్ధము. ఈ నిషేధము గుమాస్తా చాదస్తము కాదు. దానికి వెనుక ఒక చేదు చరిత్ర యున్నది. రకూనులలో వ్యాపించు రేబిస్ జాడ్యము ఒకప్పుడు ఫ్లారిడా, దాని చుట్టుపట్ల నున్న ఆగ్నేయ రాష్ట్రములకు పరిమితమై యుండెను. వేట వినోదమునకై అచ్చటి రకూనులను ఉత్తరమునకు తరలించిరి. 1977లో వెస్ట్ వర్జీనియాలో ఆ వ్యాధి బయటపడినది. అచ్చటినుండి అది తూర్పు తీరమంతటను అల్లుకొనినది. బండిలో ఎక్కించి పంపిన కొద్ది జంతువుల వలన ఇంత విస్తారమైన ప్రాంతము వ్యాధి పాలైనది. దానిని అరికట్టుటకై టీకామందు కూర్చిన ఎర ఉండలను విమానముల నుండియు, చేతులతోను అడవులలో చల్లవలసి వచ్చుచున్నది. విడిచినవాడు దయతో విడిచెనా, వినోదమునకు విడిచెనా అను భేదము వ్యాధికి తెలియదు. పైగా తెలియని చోట విడువబడిన జంతువునకు నీరెచ్చటనో, ఆశ్రయమెచ్చటనో తెలియదు. అచ్చటి రకూనులతో కలహమును తప్పదు.

వసంతమున మరియొక చిక్కు కలదు. రకూను గర్భధారణ కాలము సుమారు 63 దినములు. ఏప్రిల్, మే నెలలలో తరచు మూడు నుండి అయిదు వరకు పిల్లలు పుట్టును. ఆ కాలమున సాహసించి కోళ్లగూటికి వచ్చునది పాలిచ్చు తల్లి యగుట అరుదు కాదు. దానిని పట్టి దూరమునకు పంపినచో చెట్టు తొర్రలోనో, అదే ఇంటి అటుకపైననో ఉన్న పిల్లలు ఆకలితో చచ్చును. కోడిపిల్లల కొరకు కంటతడి పెట్టిన ఇంటివారే మరియొక తల్లి పిల్లల మరణమునకు తెలియక కారకులగుదురు.

రెండవది చంపుట. కోళ్లకు నష్టము కలిగించిన రకూనును చంపుటకు కొన్ని రాష్ట్రములు నియమములకు లోబడి అనుమతించును. ఆ పని తెలిసినవారికి, అనుమతి పత్రము గలవారికి అప్పగించుట మేలు. బోనుతో సహా నీట ముంచుట వంటి పద్ధతిని అమెరికా పశువైద్య సంఘము అంగీకరింపదు. ఏ విధమున చంపినను ఒక ప్రశ్న మిగులును. తిండి యుండి, తలుపు వదులుగా నున్నచోట ఒక రకూను పోయినచో ఆ ఖాళీని పూరించుటకు మరియొకటి వచ్చును. ఉద్యోగము ఖాళీ యైనచో అభ్యర్థులకు కొదువ యుండదు. బోను పెట్టువాడు ఆ విధముగ ఏటేట బోను పెట్టుచునే యుండవలసి వచ్చును.

మూడవది పట్టిన చోటనే విడుచుట. అట్లయినచో పట్టుటయే వ్యర్థమనిపించును. అందుచే చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె, మొదటనే గూడు గట్టిగ కట్టుకొనుట మేలని ఆ దేశపు అనుభవము నేర్పుచున్నది.

గట్టి గూడు అనగా నేమి? సన్నని షట్కోణపు కన్నుల కోడివల కోడిని లోపల నుంచుటకు చాలును గాని, రకూనును బయట నుంచుటకు చాలదు. అది దానిని చింపగలదు. అర అంగుళపు కన్నులు గల, అతుకులు పెట్టిన గట్టి ఇనుప జాలిని వాడవలెను. ఆ కన్నులలో రకూను చేయి దూరదు. జాలిని మేకులతో గాక, మరలతోను బిళ్లలతోను బిగింపవలెను. త్రవ్వి లోనికి రాకుండ గోడల అడుగున ఒక అడుగు లోతు పాతుటయో, నేలపై బయటి వైపునకు గౌను అంచు వలె పరచి మట్టి కప్పుటయో చేయవలెను. గాలి కిటికీలను, పైకప్పు సందులను మరువరాదు; అది ఎక్కగల జంతువు గదా. తలుపునకు ఒక్క కదలికతో వచ్చు గొళ్లెము పనికిరాదు. రెండు పనులు ఒకేసారి చేసిన గాని తెరచుకొనని బిగింపు ఉండవలెను. దానికి మరల ఒక కొక్కెము తగిలించుట ఉత్తమము. చీకటి పడగనే తనంత తాను మూసికొను తలుపులు నేడు దొరకును. అయినను కోళ్లన్నియు లోపలికి చేరినవో లేదో కంటితో చూచుట మానరాదు. కూర్చుండు కొయ్య జాలికి దూరముగ నుండవలెను. గ్రుడ్లను ప్రతి సాయంకాలము తీయవలెను. మేతను మూత బిగియు ఇనుప డబ్బాలో నుంచవలెను. చెత్తడబ్బాను, పెంపుడు పిల్లికై ఆరుబయట పెట్టు తిండిని రాత్రి వేళ లోపల పెట్టవలెను. రకూను మొదట వచ్చునది కోడికై కాదు, ఆ ఎంగిలి వాసనకే.

కోడలు చేసిన హెచ్చరిక మిగిలియున్నది. రకూను మలములో బేలిసాస్కారిస్ అను ఏలికపాము గ్రుడ్లుండవచ్చును. అవి మట్టితో కూడిన చేతుల ద్వారా చిన్నపిల్లల కడుపున చేరినచో మెదడునకు, కంటికి తీవ్రమైన హాని కలుగవచ్చును. రకూనులు ఒకే చోట మలవిసర్జన చేయు అలవాటు గలవి. అట్టి తావు పెరటిలో కనబడినచో పిల్లలను దూరముగ నుంచి, చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ ధరించి శుభ్రపరుపవలెను. రకూను కరచినచో గాయమును సబ్బుతో కడిగి, వెంటనే వైద్యుని చేరవలెను. రేబిస్ విషయమున ఆలస్యము ప్రాణాంతకము.

జంతువులను ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుటలోని ప్రమాదమునకు మన దేశపు ముంగిసయే గొప్ప నిదర్శనము. జమైకా ద్వీపపు చెరకు తోటలలో ఎలుకల బాధ తాళలేక, ఎస్ప్యూట్ అను తోట యజమాని 1872లో భారతదేశము నుండి తొమ్మిది ముంగిసలను తెప్పించెను. మొదట ఎలుకలు తగ్గినవి. దానిని చూచి ఇతర ద్వీపములవారు ఆశపడిరి. 1883లో హవాయి తోటల యజమానులు జమైకా నుండి ముంగిసలను కొనిపోయిరి. కాని ఎలుక ఎక్కువగ రాత్రి తిరుగును, ముంగిస పగలు తిరుగును. ముంగిస నేలపై గూడు కట్టు పక్షులను, వాని గ్రుడ్లను, పెరటి కోళ్లను పట్టినది. జపానులోని అమామి ఓషిమా ద్వీపమున విషసర్పములను తగ్గించుటకై 1979లో విడిచిన ముంగిసలు అచ్చటి అరుదైన కుందేళ్లను తిననారంభించినవి. బోనులు పెట్టి, కుక్కలతో వెదకి, 2024లో గాని ఆ ద్వీపము ముంగిస లేనిదని ప్రకటింపలేకపోయిరి. విడుచుటకు ఒక దినము చాలినది. పట్టుటకు దశాబ్దములు పట్టినవి.

రకూను కథయు అట్టిదే. 1934లో జర్మనీలోని ఏడర్ సరస్సు వద్ద రెండు జంటలను విడిచిరి. నేడు కాసెల్ నగరపు ఇంటికప్పులపై వాని సంతానము తిరుగుచున్నది. జపానులో 1977లో ఒక రకూను పిల్లను నాయకునిగ జేసి చిత్రించిన దూరదర్శన కథామాలిక బాలబాలికలను ఆకర్షింపగా, అట్టి పిల్లలను విదేశముల నుండి తెప్పించి పెంచిరి. పెరిగిన రకూను పెంపుడు జంతువుగ నిలువదు. విసిగినవారు అడవులలో వదలిరి. అవి పొలములకును, ప్రాచీన దేవాలయముల కట్టడములకును చేటు తెచ్చినవి. 2005 నుండి అమలులో నున్న చట్టముతో వానిని పెంచుటను, దిగుమతి చేయుటను నిషేధింపవలసి వచ్చినది.

తుదకు మన దేశపు మాట. మన పల్లెలలో కోళ్లగూటికి వచ్చునది రకూను కాదు; ముంగిస, బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్క. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణలో నున్నవి. ఆ చట్టమున వేట అను మాటకు చంపుట యని మాత్రమే అర్థము కాదు. ఉచ్చు వేయుట, బోనులో పట్టుట, విషము పెట్టుట, ఎర వేయుట కూడ ఆ నిర్వచనములో చేరియున్నవి. కోడి పోయినదను కోపముతో ఉచ్చు పన్నిన రైతు తెలియకయే నేరస్థుడగును. నష్టము కలిగించు జంతువును పట్టుటకు ఉత్తర్వు ఇయ్యగల అధికారము వన్యప్రాణి సంరక్షణ ముఖ్యాధికారిది. అదియు చట్టము చెప్పిన పరిమితులలోనే. కనుక పల్లెలోని బంధువులు అడిగినప్పుడు, మొదట అటవీశాఖవారికి తెలుపుమని చెప్పుట ఉద్యోగుల కుటుంబములు చేయగల చిన్న ఉపకారము. కోళ్లను మ్రింగునని తిట్టబడు పునుగుపిల్లి తైలమే తిరుమల శ్రీనివాసుని సేవకు ఉపయోగపడుచున్నదని తలచినప్పుడు, ఒక ప్రాణిని పూర్తిగ దుష్టమని నిర్ణయించుట ఎంత కష్టమో తెలియును. పొలమున ఎలుకను తినునదియు, పెరటిలో కోడిని తినునదియు ఒకే ముంగిస.

పేదయింటిలో పది నాటుకోళ్లు పోవుట చిన్న నష్టము కాదు. అవి ఆ యింటి చేబదులు. పిల్లవాని పుస్తకములకో, పండుగ ఖర్చునకో పనికివచ్చు సొమ్ము. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనాలయము పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ వంటి జాతులను రూపొందించినది. మంచి జాతి పిల్లను ఇచ్చుటతో పని ముగియదు. దానిని రాత్రి కాపాడు గూడు కూడ ఉండవలెను. కోడిపిల్లలు పంచునప్పుడు గట్టి జాలి గూటికి కూడ సహాయము చేసినచో, ఉచ్చుల అవసరము కొంత తగ్గును. మునిమాపు వేళ గంప మూసి దానిపై రాయి పెట్టిన అవ్వకు ఈ సూత్రము తెలియును. ఆమె జంతువును పట్టలేదు. దాని చేతికి కోడిని అందనీయలేదు.

అందుచే సముద్రము ఆవలనున్న బిడ్డలు ఫోనులో సలహా అడిగినప్పుడు పెద్దలు చెప్పదగిన మాటలు మూడు. మొదట గూటికి జాలి మార్చుడు. పిదప స్థానిక వన్యప్రాణి శాఖవారి నియమములు కనుగొనుడు. అప్పటికిని నష్టము ఆగనిచో, అనుమతి గలవారి చేతనే బోను పెట్టింపుడు. కోపమున్న దినమున బోను కొనుటకంటె, శాంతముగ నున్న దినమున గొళ్లెము కొనుట మంచిది. అట్లు చేసినచో పిల్లలు పేరు పెట్టిన పెట్ట ఉదయమున గ్రుడ్డు పెట్టును. కన్నులకు నల్లపట్టీ గల ఆ రాత్రి సంచారి తన పిల్లలతో ఏటి గట్టున ఎండ్రకాయలు వెదకుకొనును.